సాసేజ్ మిషనూ రెండో మనిషీ

పాఠక మహాశయులారా! ఇంటిల్లిపాదినీ విసిగించే మిషను ఒక్కటైనా లేని సంసారం సంసారమే కాదు. ఇది నా అభిప్రాయం అనుకునేరు, సిద్ధాంతం! అభిప్రాయమైతే మీరు గట్టిగా రెండు మాటలు అంటే మార్చుకునేవాణ్ణి.

అలాంటి మిషన్లన్నిట్లోకీ తలమానికం సాసేజ్ మిషను. డబ్బా మీద దాని పేరు సాసేజ్ స్టఫర్ అని ఉంటుంది. తరిగిన మాంసం ముద్దని సన్నటి పేగులోకి కూరడం దాని పని. నిలువుగా ఒక స్టీలు డొల్ల, దాని లోపల ముద్దని కిందికి నొక్కే బిళ్ళ, పక్కన తిప్పడానికి హ్యాండిల్, అడుగున ముక్కులాంటి సన్నటి గొట్టం. అంతే! చూడ్డానికి ఎంత అమాయకంగా ఉంటుందో! కొత్తల్లుడిలా బల్ల మీద బుద్ధిగా కూర్చుని ఉంటుంది.

"సాసేజ్ షాపులో దొరకదా?" అని మీరు అడగబోతున్నారు. దొరుకుతుందండీ. పాటలు ఫోన్లో దొరుకుతున్నాయని బాత్‌రూముల్లో పాడటం మానేశామా? షాపులో దొరికేది సాసేజ్. ఇంట్లో చేసుకునేది అనుభవం.

ఇక లాభాలంటారా? జిమ్ముకి వెళ్ళక్కర్లేదు, ఆ హ్యాండిల్ తిప్పితే భుజం ఉందో ఊడిందో తెలిసిపోతుంది. వంటింటి గోడల్ని ఎంత ఎత్తు వరకూ కడగవచ్చో తెలుస్తుంది. చుట్టాల బెడద తగ్గుతుంది. వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో ఇంత పొట్లం పెట్టి పంపండి, రెండోసారి వస్తే నన్నడగండి! వీధిలో పరపతి కూడా పెరుగుతుంది. మా వీధి చివర ఉండే గోధుమరంగు కుక్క ఈ మధ్య నేను కనబడితే లేచి నిలబడుతోంది. ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఏ సంపాదకుడైనా నన్ను చూసి లేచి నిలబడ్డాడా?

కానీ అసలు లాభం ఇవేవీ కావు. అది చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాలి.

మా బావ లిఫ్టు మెకానిక్. మా అక్క ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. కింది వాటాలో వాళ్ళుంటారు, పై వాటాలో నేనుంటాను. వాళ్ళు "ఉంటారు" అన్నది మాటవరసకి. అక్కది రాత్రి డ్యూటీ. పొద్దున ఆవిడ చెప్పులు విప్పే వేళకి బావ బూట్లు తొడుక్కుంటూ ఉంటాడు. గుమ్మం ఇరుకు కాబట్టి ఒకరికొకరు తప్పుకుని దారిస్తారు. లిఫ్టులో దిగేవాళ్ళకి ఎక్కేవాళ్ళు దారివ్వరూ, అలాగన్నమాట.

మాటలు లేవని కాదు. "గ్యాస్ వచ్చింది." "పాలు విరిగాయి." "కుళాయి కారుతోంది." వాళ్ళ దాంపత్యం అంతా ఈ మూడు ముక్కల మీదే నడుస్తుండేది. పోనీ గొడవలా? ఛఛ! గొడవ పడాలంటే ఇద్దరూ ఒకేచోట, ఒకేసారి మెలకువగా ఉండాలి కదా!

ఇదిలా ఉండగా ఆసుపత్రివాళ్ళు అక్కకి క్వార్టర్స్ ఇస్తామన్నారు. ఆసుపత్రి వెనకాలే ఒక గది, ఒక వంటగట్టు, ఒక మంచం. ఒక్కరికే.

"తీసుకుంటే పోలా? బస్సులో పోయే టైమంతా నిద్రపోవచ్చు. ఇక్కడ మాత్రం నేను చేసేదేముంది, వచ్చి పడుకోవడమే కదా" అంది అక్క. నెలాఖరుకల్లా ఏ సంగతీ చెప్పాలట.

కోపంగా అని ఉంటే బావకి అంత భయం వేసేది కాదు. కుళాయి కారుతోందని చెప్పినంత మామూలుగా అంది. మా బావ ముఖంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

అలాంటప్పుడు మొగుడన్నవాడు ఏం చెయ్యాలి? పెళ్ళాం ఎదురుగా కూర్చుని "వెళ్ళకే, నువ్వు లేకపోతే నాకు తోచదు" అనాలి. మహా అయితే ఒక ఊపిరికి సరిపడే మాట! కానీ మా మగజాతికి ఆ మాటకి నోరు పెగిలి చస్తేనా? అందుకని మా బావ సాసేజ్ మిషను కొన్నాడు.

కారణం లేకపోలేదు. మా అక్కకి సాసేజ్ అంటే ప్రాణం. పొద్దున డ్యూటీ దిగి రాగానే రెండు బ్రెడ్డు ముక్కల మధ్య వేయించిన సాసేజ్ ఒకటి పెట్టుకుని తిని పడుకునేది. ఈ మధ్య షాపువి రబ్బరు ముక్కల్లా ఉంటున్నాయని మానేసింది. వట్టి బ్రెడ్డు నమిలి పడుకుంటోంది. తనే సొంతంగా తయారుచేసి, ఆవిడ గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి పెనం మీద చుయ్యిమనిపించాలని బావ పథకం. ఆవిడ ఒక ముక్క కొరికి, కళ్ళు తుడుచుకుని, క్వార్టర్స్ గాడిదగుడ్డు అంటుందని ఆశ. తీగకి తీగ కలిపితే లిఫ్టు కదిలినట్టే మనిషి మనసూ కదులుతుందనుకున్నాడు, పిచ్చి మారాజు.

ముందుగా వీడియో చూశాడు. అందులో గడ్డం ఉన్న పెద్దమనిషి ఒకడు చిరునవ్వు చెదరకుండా హ్యాండిల్ తిప్పుతుంటాడు, సాసేజ్ చక్కగా బయటికి వస్తుంటుంది. దాన్ని పట్టుకుని పళ్ళెంలోకి చుట్టేవి ఇంకెవరివో రెండు చేతులు. ఫ్రేము అంచున కనిపించీ కనిపించనట్టుంటాయి. ఆ చేతులు ఎవరివని మా బావ ఆలోచించలేదు. మనం మాత్రం ఎన్నడైనా ఆలోచించామా?

అక్క డ్యూటీకి వెళ్ళగానే పని మొదలుపెట్టాడు. ఉప్పులో ఊరిన పేగుల్ని కడిగి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, గొట్టానికి సాక్సు తొడిగినట్టు తొడిగాడు. మిరియాలు, వెల్లుల్లి దట్టించి ముద్ద కలిపాడు. హ్యాండిల్ పట్టాడు. అప్పుడు తెలిసింది తత్త్వం! ఒక చేత్తో హ్యాండిల్ తిప్పాలి. ఒక చేత్తో పేగుని నెమ్మదిగా వదలాలి. ఒక చేత్తో వచ్చినదాన్ని చుట్ట చుట్టాలి. ఇంకో చేత్తో బల్లని పట్టుకోవాలి, ఎందుకంటే హ్యాండిల్‌తో పాటు బల్ల కూడా బయల్దేరుతుంది. దేవుడు మా బావకి రెండే చేతులిచ్చాడు. మొదటి సాసేజ్ సగంలో ఉండగానే బల్ల వంటింట్లోంచి హాల్లోకి నడిచింది, దాని వెంట మా బావా నడిచాడు.

ఫట్! పేగు పగిలింది. ముద్ద ఎక్కడెక్కడ పడిందని అడక్కండి. గోడ గడియారంలో చిన్నముల్లు కనబడలేదు.

అప్పుడు కేకేశాడు నన్ను. "బావమరిదీ, కాస్త కిందికి రా. నువ్వేం చెయ్యక్కర్లేదు, ఊరికే పట్టుకో. నిండగానే 'ఆపు' అను, చాలు."

పాఠకులారా, కాలమిస్టుకి అప్పజెప్పే పనేనా అది? ఆపడం! నా వృత్తిలో ఆ మాటకి చోటెక్కడుంది? నేను పేగు పట్టుకుంటూనే మాంసాహారమూ మానవ నాగరికతా అన్న అంశం ఎత్తుకున్నాను. వాక్యం నడుస్తుండగా పేగు నిండిపోయింది. చూశాను. వాక్యం ముగించి చెబుదాంలే అనుకున్నాను.

ఫట్!

కళ్ళజోడు తుడుచుకుని చూద్దును కదా, బావ వీధి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు పైకి పోయి రాసుకో నాయనా" అన్నాడు.

కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేనూ మెట్లెక్కేశాను. నా వాటాలో ఇలాంటి గోల లేదు. ఒక్క కప్పు కాఫీ ఇచ్చే మిషను, ఒక్కడికి సరిపడా అన్నం వండే కుక్కరు, ఒక్క గుడ్డు ఉడికించే బుల్లి డబ్బా. ఏదీ "ఇంకో చెయ్యి వెయ్యవయ్యా" అనదు. బటన్ నొక్కితే చాలు. సుఖమంటే అదీ! సరే, ఆ సంగతి అలా ఉంచండి.

ఆ వారం నుంచీ అక్కకి సెలవు రోజూ బావకి సెలవు రోజూ ఒకటే పడుతూ వచ్చాయి. మొదటి సెలవు నాడు అక్క పడుకుని ఉండగా బావ మళ్ళీ ఒక్కడే మిషనుతో కుస్తీ పట్టాడు. ఆవిడ మధ్యాహ్నం నిద్ర లేచి వంటింట్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను గిన్నె తిరిగివ్వడానికి వెళ్ళి మెట్ల మీద ఉన్నాను. మెట్ల దగ్గర్నుంచి వంటిల్లు మొత్తం కనబడుతుంది, నేనేం తొంగిచూడలేదు.

"ఏమిటండీ ఇదంతా? వంటిల్లా, మా థియేటరా?"

"నీకోసమేలే" అన్నాడు బావ, గరిటెతో గోడ గీకుతూ. "షాపువి నీకు బాగుండట్లేదని... ఒక్కడితో అయ్యేలా లేదు."

"నాకోసమా?"

"మరి ఇంకెవరికోసం?"

 అక్క సింకు దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుంది. తడిచేతులు రెండూ ఎత్తిపట్టుకుని, దారికి అడ్డంగా ఉన్న కుర్చీని మోకాలితో పక్కకి నెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. సాసేజ్‌కి అంత గౌరవం చరిత్రలో ఎప్పుడూ దక్కి ఉండదు.

ఇక చూడండి తమాషా! లిఫ్టు పనిలో ఒక నియమం ఉంది. పైన మిషన్ రూములో ఒకడుంటాడు, కింద పెట్టె దగ్గర ఒకడుంటాడు. కిందివాడు అరిచి చెబితేగానీ పైవాడు చక్రం మీద చెయ్యి వెయ్యకూడదు. కిందివాడు ఆపమంటే తుమ్ము వస్తున్నా ఆపాల్సిందే. ఒకరికొకరు కనబడరు కాబట్టి ప్రాణాలన్నీ మాట మీదే. మా బావ జీవితమంతా అలా బతికాడు.

మా అక్క థియేటర్లో అంతా మౌనం. డాక్టరు చెయ్యి చాపుతాడు, అడక్కుండానే కత్తెర అందులో పడుతుంది. కనుబొమ్మ కదిపితే దూది. కళ్ళతోనే పని. నోరు తెరిచేది ఏదో కొంప మునిగినప్పుడే.

మరి వీళ్ళిద్దరూ కలిసి సాసేజ్ చేస్తే? బావ తలొంచుకుని హ్యాండిల్ వంకే చూస్తూ, ఆవిడ ఎప్పుడు చెబుతుందా అని చెవులు రిక్కించి తిప్పుతున్నాడు. అక్క పేగు నిండుతుంటే కనుబొమ్మలు ఎగరేస్తోంది, తల అడ్డంగా ఊపుతోంది. ఆయన చూడడు, ఈవిడ చెప్పదు.

ఫట్!

"నోరు తెరిచి చెప్పొచ్చు కదా!" అన్నాడు బావ.

"తలెత్తి చూడొచ్చు కదా!" అంది అక్క.

"చూస్తూ ఎలా తిప్పుతారే?"

"చెప్పించుకుంటే గానీ తెలీదా మీకు?"

నాకు మెట్ల మీద ఒళ్ళు పులకరించిపోయింది. ఎన్నాళ్ళకి, ఎన్నాళ్ళకి! ఆ ఇంట్లో గ్యాస్, పాలు, కుళాయి తప్ప నాలుగో విషయం మీద మాటలు వినిపించి ఎంతకాలమైందో!

మళ్ళీ పేగు తొడిగారు. ఈసారి ఒప్పందం కుదిరింది. ఆవిడ చెబుతుంది, ఆయన వింటాడు.

"తిప్పండి... తిప్పండి... నెమ్మదిగా అండీ... ఆపండి." పావువంతు బాగానే వచ్చింది. "తిప్పండి... తిప్పం... ఆపు! ఆపు!"

ఆగింది. పేగు బతికింది. కానీ ఆ పిలుపు విన్నారా? పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్క బావని 'అండీ' లేకుండా పిలిచి ఎరగదు. చేతులకి ముద్ద అంటుకుని ఉందని మోచేత్తో నోరు మూసుకుంది.

బావ ఆవిడ వంక చూశాడు. తలెత్తి, తిన్నగా చూశాడు. "ఇందాకటిదే బాగుంది. నువ్వు 'అండీ' దాకా వెళ్ళి వచ్చేసరికి పేగు ఆగదు" అన్నాడు.

అక్క నవ్వింది. ఆ నవ్వు నేను చిన్నప్పుడు విన్నది. ఎక్కడ దాచిందో ఇన్నాళ్ళూ!

ఇహ సాసేజ్ మెలిపెట్టడంలో ఇంకో చిక్కుంది. పొడుగాటి చుట్టని ముక్కలుగా విడదియ్యాలంటే ఒకదాన్ని ఇటు మెలిపెడితే పక్కదాన్ని అటు మెలిపెట్టాలి. రెండూ ఒకేవైపు తిప్పితే మొదటిది విప్పుకుంటుంది. వీళ్ళు చెరో కొసా పట్టుకుని చెరో పక్క నుంచీ మొదలెట్టారు. ఆయన పెట్టిన మెలిక ఆవిడ విప్పుతోంది, ఆవిడ పెట్టింది ఆయన విప్పుతున్నాడు. ఎన్ని కాపురాల కథ అండీ అది!

చివరికి అక్కే దారి కనిపెట్టింది. "ఒకరు పట్టుకోవాలి, ఒకరు తిప్పాలి. మరీ బిగుతుగా కూరకండి, కాస్త వదులుంటేనే మెలిక నిలబడుతుంది. మా దగ్గర కుట్లూ అంతే, మరీ బిగిస్తే తెగిపోతాయి."

అప్పట్నుంచి ప్రతి సెలవు రోజూ అదే పని. మిషను తిరుగుతున్నంతసేపూ పక్కకి పోవడానికి లేదు. చేతులకి ముద్ద కాబట్టి ఫోన్ ముట్టుకోవడానికి లేదు. ఇంకేం చేస్తారు? మాట్లాడుకున్నారు! మత్తులోకి జారుతూ లెక్కల ఎక్కాలు వల్లించిన ముసలాయన సంగతి అక్క చెప్పింది. లిఫ్టులో ఇరుక్కుని, తలుపు తీసేసరికి చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డ ఇద్దరు బద్ధశత్రువుల సంగతి బావ చెప్పాడు. నెలాఖరు వచ్చింది. "వచ్చే నెల చెబుతాలెండి" అని అక్క ఆసుపత్రివాళ్ళకి చెప్పింది. గండం వాయిదా పడింది, అంతే. తప్పిపోలేదు.

ఆ వాయిదా ఖరీదు మేం కట్టాం. ఎక్కడ చూసినా సాసేజే! నేను పొద్దున సాసేజ్ తిన్నాను, మధ్యాహ్నం సాసేజ్ తిన్నాను, సాయంత్రం తినకుండా దాక్కుంటే తలుపు సందులోంచి లోపలికి తోశారు. పక్కింటి పిన్నిగారు గేటుకి తాళం వేసుకుని, లోపల టీవీ పెట్టుకుని, ఊళ్ళో లేనట్టు కూర్చునేది. అయినా నేను కిక్కురుమనలేదు. కింద నుంచి "తిప్పు... తిప్పు... ఆపమంటే!" అని వినిపిస్తుంటే, నా అరుగుదల ఏమైపోతేనేం?

అలా సాగిపోతుండగా మా మేనకోడలు వచ్చింది. అక్కాబావల ఏకైక పుత్రిక. మోటార్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు, ఉండేది హాస్టల్లో. వచ్చి నాన్న అరచేతిలో బొబ్బలు చూసింది, అమ్మ కళ్ళ కింద నలుపు చూసింది. మంచి పిల్ల, దాని ప్రాణం ఊరుకుంటుందా? మరుసటి వారం ఒక అట్టపెట్టెతో దిగింది. మిషనుకి తగిలించే మోటారు, కాలితో నొక్కే పెడల్, బల్ల కదలకుండా పట్టుకునే బిగింపులు, తయారైన సాసేజ్‌ని దానంతటదే చుట్టుకునే పళ్ళెం.

"ఇంక అమ్మ నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు" అంది గర్వంగా. "నాన్న ఒక్కడే చేసుకోవచ్చు. రెండో మనిషితో పనే లేదు! ఎలా ఉంది మావయ్యా?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. పిల్లతో ఆ మాట ఎలా అనడం? "అద్భుతం తల్లీ" అన్నాను. "ఎంత మంచి పని చేశావే" అన్నారు అమ్మా నాన్నా ఒక్కసారే, చెరో గోడ వంకా చూస్తూ.

అన్యాయం ఏమిటంటే, ఆ మోటారు బ్రహ్మాండంగా పనిచేసింది. ఫట్ లేదు, అరుపు లేదు, గోడ గీకడం లేదు. బావ పని నుంచి వచ్చి సాయంత్రం ఒక్కడే కూర్చుని పెడల్ నొక్కేవాడు. సన్నగా ఒక మోత వినిపించేది, అంతే. సాసేజ్‌లన్నీ ఒకే లావు, ఒకే పొడుగు, ఇస్త్రీ చేసినట్టు వచ్చేవి. డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేవాడు. సెలవు రోజు అక్క హాయిగా నిద్రపోయేది. లేచాక ఫోన్ చూసుకునేది.

"సాసేజ్ బాగుంది" అనేది గుమ్మం దగ్గర.

"ఆహా" అనేవాడు.

"పాలున్నాయి."

"సరే."

రుచి అమోఘం, నిజం చెప్పొద్దూ. నేను మాత్రం తినలేకపోయాను.

ఒక పొద్దున అక్క చెప్పులు విప్పుతూ అంది: "ఆసుపత్రిలో మళ్ళీ అడుగుతున్నారండీ. శుక్రవారంలోపు చెప్పమన్నారు. లేకపోతే ఆ గది ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"ఊఁ" అన్నాడు బావ, బూట్లు కట్టుకుంటూ.

ఊఁ! చూశారా, ఇల్లు కూలుతుంటే ఊఁ కొట్టే జాతి మాది! నేను ఉండబట్టలేక వీధి మలుపు దాకా వెంటపడి వెళ్ళి దులిపేశాను. "వద్దని చెప్పలేవా బావా? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

బావ పనిముట్ల సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఏమని చెప్పను? దానికి నిద్ర చాలట్లేదు. అక్కడైతే ఇంకాస్త పడుకుంటుంది. నాకోసం ఉండిపో అంటే నా స్వార్థం కాదూ? ఇదివరకైతే మిషను పట్టుకోవడానికి కావాలి అని ఒక వంక ఉండేది. ఇప్పుడు అదీ లేదాయె." అని వెళ్ళిపోయాడు. నాకు తిరిగి అనడానికి మాట దొరకలేదు. మాటలు అమ్ముకుని బతికేవాణ్ణి, నాకు!

గురువారం పొద్దున నేను పాలకోసం కిందికి వెళ్ళాను. బావకి ఆవేళ డ్యూటీ ఆలస్యంగా. బల్ల ముందు కూర్చుని పెడల్ నొక్కుతున్నాడు. మోటారు ఉలకదు, పలకదు. స్క్రూడ్రైవరు తీసి మోటారు మూత విప్పాడు. నేనూ వంగి చూశాను. లోపల ఫ్యూజు లేదు. కాలిపోలేదు సుమండీ, అసలు లేదు! ఎవరో శుభ్రంగా తీసేసి, మళ్ళీ మూత బిగించిపెట్టారు. గీత కూడా పడలేదు. అంత పొందికైన పనితనం ఎవరి చేతిదో ఆ ఇంట్లో ఎవరికి తెలియదు?

బావ ఆ ఖాళీ చోటు వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మూత మళ్ళీ బిగించేశాడు. అప్పుడే వీధి తలుపు తీసుకుని అక్క వచ్చింది, భుజాన బ్యాగు, ఒంటి మీద యూనిఫారం.

"ఏమైందండీ?"

"మోటారు పోయింది."

"అయ్యో! బాగవదా?"

"ఎంత చూసినా ఎక్కడుందో అంతు చిక్కట్లేదు. నా వల్ల కాదు" అన్నాడు మా బావ. విన్నారా? గాలిలో వేలాడే లిఫ్టుల్ని అగ్గిపుల్ల వెలుతురులో బాగుచేసిన మనిషి! ఆయన ముఖంలో ఒక్క గీత కదిలితే ఒట్టు.

"పిల్లకేం చెబుతాం మరి?"

"'మీ నాన్నకి చేతకాలేదే' అని చెప్పు."

 నేను పాలగిన్నె పట్టుకుని గోడకి అతుక్కుపోయాను. బావ గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. బల్ల అంచుని బొటనవేలితో రుద్దాడు.

"వెళ్ళకే" అన్నాడు.

అంతే. పెద్ద మాటేమీ కాదు. దానికోసం ఎన్ని పేగులు పగిలాయో మీకు తెలుసు.

అక్క బ్యాగు కుర్చీలో పెట్టింది. "ఆ ముక్క అనడానికి మోటారు పోవాల్సొచ్చిందా?" అంది.  "నిన్ననే వద్దని చెప్పొచ్చాను. అది ఒక్కరికి సరిపడే గది. ఈ బల్ల పట్టదు అందులో."

కళ్ళు తుడుచుకోవడానికి యూనిఫారం జేబులోంచి రుమాలు లాగింది. దాంతో పాటు చిన్న వస్తువేదో జారి, టింగుమని నేలమీద పడి దొర్లింది. అక్క చటుక్కున దాని మీద కాలు వేసింది. లిఫ్టు గోతిలో గుండుసూది పడినా ఎన్నో అంతస్తులో చెప్పగల మా బావకి ఆ చప్పుడు వినబడలేదు. వంగి, పేగులు నానబెట్టే గిన్నె వెతుక్కుంటున్నాడు.

"నిద్రపోవా?" అన్నాడు గిన్నెలోకి చూస్తూ.

"పోతాలే. ముందు తిప్పు."

కాబట్టి పాఠకులారా, నా సిద్ధాంతం రుజువైంది. ప్రతి ఇంట్లోనూ ఒక్కరితో కాని మిషను ఒకటి ఉండాలి. లేకపోతే కొనుక్కోండి. ఇప్పటికే ఉండి, అది సవ్యంగా పనిచేస్తుంటే, ఒక ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి.

ఆ మోటారు ఇప్పుడు నా వాటాలో ఉంది. పిల్ల కంటబడకుండా దాచమని ఇద్దరూ విడివిడిగా, రెండోవాళ్ళకి తెలియకుండా నన్ను బతిమాలారు. నిన్న కుతూహలం పట్టలేక కొత్త ఫ్యూజు వేసి చూశాను. ఎంత బాగా పనిచేస్తోందంటే భయం వేసింది.

దాన్ని నా కాఫీ మిషను పక్కన పెట్టాను. ఆ కాఫీ మిషనూ ఎప్పుడూ పాడవదు. కుక్కరూ పాడవదు. గుడ్డు డబ్బా కూడా పాడవదు. ఒక్కటైనా చెడిపోయి "ఇంకో మనిషిని పిలువు" అంటుందేమోనని ఎన్నాళ్ళుగానో చూస్తున్నాను. కింద అక్క "ఆపు" అని కేకేసినప్పుడల్లా ఇక్కడ నా కలం కూడా ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత, అది నన్ను కాదు కదా అని గుర్తొస్తుంది. నన్ను ఆపమనేవాళ్ళు ఇంట్లో ఒక్కరుంటే ఇన్ని కాలమ్‌లు రాసేవాణ్ణా?

సరే, అసలు విషయం. మోటారు కావలసినవాళ్ళు వచ్చి ఉచితంగా పట్టుకెళ్ళవచ్చు. కొత్తది, బాగా పనిచేస్తుంది, అదొక్కటే దాని లోపం. బరువు తక్కువే, ఒక్కరు మొయ్యగలరు. అయినా ఇద్దరు రండి. నా కాఫీ మిషను ఒక విడతకి ఒక్క కప్పే ఇస్తుంది కాబట్టి, మూడో కప్పు వచ్చేదాకా మీరు కాసేపు కూర్చోవలసి ఉంటుంది.